రోగి కనిపెట్టిన మందు

1962. న్యూయార్క్. హోవర్డ్ లాట్సాఫ్‌కు పంతొమ్మిదేళ్లు. హెరాయిన్ ఒంట్లో పడకపోతే పొద్దు గడవని స్థితి. అతని చుట్టూ ఉన్న కుర్రాళ్లకు ఇంకో పిచ్చి ఉండేది. కొత్త రసాయనం ఏది దొరికినా నోట్లో వేసుకుని ఏమవుతుందో చూడాల్సిందే. అలాంటివాటిలో చాలావాటి మీద అప్పటికింకా నిషేధం లేదు. ఒకరోజు కెమిస్టు స్నేహితుడొకడు కొత్త సరుకు చేతిలో పెట్టాడు. దీని మత్తు ముప్పై ఆరు గంటలు దిగదని చెప్పాడు. పేరు ఐబోగైన్. ఆఫ్రికాలో పెరిగే ఒక పొద వేరు బెరడులో ఉంటుంది.

మానేద్దామన్న ఆలోచన లాట్సాఫ్‌కు లేదు. ఒకటిన్నర రోజు మత్తంటే ఆ వయసులో, ఆ స్థితిలో ఎవరికి చేదు? వేసుకున్నాడు.

ఐబోగైన్ ఎవరి ఒంట్లోకి వెళ్లినా దాని నడక దాదాపు ఒకటే. కాసేపటికి చెవుల్లో ఆగని ఝుంకారం మొదలవుతుంది. లేచి నిలబడబోతే కాళ్లు మాట వినవు. తల కాస్త తిప్పినా కడుపులో దేవి వాంతి వస్తుంది. కాబట్టి మనిషి వెల్లకిలా, కదలకుండా పడుకుంటాడు. అప్పుడు కళ్లు మూస్తే బొమ్మలు కనిపిస్తాయి. ఎల్‌ఎస్‌డీ తీసుకున్నవాళ్లు చెప్పినట్టు గోడలు కదలడం, రంగులు పొంగడం ఇందులో తక్కువ. మెలకువగా ఉండగానే వచ్చే కల ఇది. చిన్నప్పటి ఇల్లు, పోయినవాళ్ల ముఖాలు, తాను ఎవరికో చేసిన అన్యాయం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కళ్లు తెరిస్తే చాలావరకు ఆగిపోతాయి. నాలుగు నుంచి ఎనిమిది గంటలు ఇలా నడుస్తుంది. తర్వాత బొమ్మలు పలచబడి ఆలోచన మిగులుతుంది. చూసినదాన్నే నెమరేసుకుంటూ ఇంకో పది పన్నెండు గంటలు గడుస్తాయి. ఆపైన నిద్రపట్టని చురుకుదనం, ఒక్కోసారి రెండు మూడు రోజులు.

హెరాయిన్ వాడేవాళ్లకు ఒంట్లో ఇంకో గడియారం ఉంటుంది. చివరి డోసు పడ్డాక ఎనిమిది, పన్నెండు గంటలకు ఆవులింతలు మొదలవుతాయి. ముక్కు, కళ్లు కారతాయి. ఆపైన చలి, ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకోవడం, కాళ్లు వాటంతటవే తన్నుకోవడం, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు. రెండో రోజు, మూడో రోజు నరకం. అలవాటు ముదిరినవాడు సూది కోసం ఊరంతా తిరిగేది సుఖం కోసమని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి ఆ రెండో రోజుకు భయపడి తిరుగుతాడు.

లాట్సాఫ్ తేరుకునేసరికి, లెక్కప్రకారం ఒళ్లు హూనమై ఉండాల్సిన సమయం. ముక్కు కారడం లేదు. వణుకు లేదు. అన్నిటికంటే విచిత్రం, సరుకు ఎక్కడ దొరుకుతుందా అన్న వెతుకులాట మనసులో లేదు. తర్వాతి దశాబ్దాల్లో ఈ ఘట్టాన్ని అతను ఎంతోమందికి చెప్పాడు. బయటికొచ్చి చెట్లనూ ఆకాశాన్నీ చూస్తే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి భయం లేదనిపించిందట. అంతవరకు ఓదార్పులా ఉన్న హెరాయిన్ అప్పుడు చావుకు నకలులా కనిపించిందట.

అతను అక్కడితో ఆగలేదు. స్నేహితులకూ, వాళ్ల స్నేహితులకూ ఇచ్చి చూశాడు. అతనితో కలిపి ఇరవై మంది దాకా తీసుకున్నారు. వాళ్లలో హెరాయిన్ అలవాటున్నవాళ్లు ఏడుగురు. ఆ ఏడుగురిలో ఐదుగురు నెలల తరబడి మళ్లీ దాన్ని ముట్టలేదు.

డాక్టరు లేడు. కేస్‌షీటు లేదు. పోల్చి చూడడానికి ఉత్తుత్తి మాత్ర మింగిన ఇంకో గుంపు లేదు. శాస్త్రం దీన్ని ప్రయోగం అనదు, అనకూడదు కూడా. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మానాలన్న పట్టుదలే మాన్పించిందని దీన్ని తోసిపుచ్చలేం. ఎందుకంటే ఆ గుంపు దీన్ని చేతికి తీసుకున్నది కొత్త మత్తు ఎలా ఉంటుందో చూద్దామని.

ఆఫ్రికాలోని గాబన్ అడవుల్లో ఐబోగైన్ కొత్త సంగతి కాదు. దాన్నిచ్చే ఇబోగా అక్కడి పొద. చిన్న తెల్లని పూలు, నారింజ రంగు కాయలు. వేరు బెరడు గీకితే వచ్చే పొడి చేదు విషం. మిట్సోగో, ఫాంగ్ జాతుల్లో బ్విటీ అనే మతం ఉంది. అందులో చేరేవాళ్లకు ఈ పొడి గుప్పెళ్ల కొద్దీ తినిపిస్తారు. ఎనిమిది తంతుల ఎన్‌గోంబీ వీణ రాత్రంతా మోగుతూనే ఉంటుంది. దీక్ష తీసుకునేవాడు నేలమీద పడి పూర్వీకుల దగ్గరికి వెళ్లొస్తాడు. పెద్దలు పక్కనుంచి లేవరు. కొద్దిగా తింటే ఆకలి, అలసట తెలియవు కాబట్టి వేటగాళ్లు కూడా నమిలేవారు.

ఫ్రెంచివాళ్లు వలసపాలన తెచ్చి ఆ వేరును పట్టుకుపోయారు. 1901లో డైబౌస్కీ, లాండ్రాన్ అనే ఇద్దరు దాన్నుంచి ఐబోగైన్‌ను విడదీశారు. 1939 నుంచి మూడు దశాబ్దాల పాటు ఫ్రాన్స్ మందుల షాపుల్లో ‘లాంబరెన్’ పేరుతో మాత్రలు అమ్మారు. ష్వైట్జర్ అనే డాక్టరు ఆస్పత్రి పెట్టిన గాబన్ ఊరి పేరే దానికి పెట్టారు. ఒక్కో మాత్రలో ఉండే ఐబోగైన్ కొన్ని మిల్లీగ్రాములు. నీరసానికి, అలసటకు టానిక్‌లా వాడేవారు. ఆటగాళ్లకు భలే ఇష్టం. 1957లో సీబా కంపెనీ ఒక పేటెంటు తీసుకుంది. ఐబోగైన్ కలిపితే మార్ఫిన్ నొప్పిని ఇంకా బాగా తగ్గిస్తుందన్నది దాని సారం. అంటే ఓపియం జాతి మందులతో దీనికి ఏదో లావాదేవీ ఉందని కంపెనీకి తెలుసు. ఆ దారిలో ఇంకో అడుగు వేస్తే దొరికేది. వేయలేదు.

పెద్ద పెద్ద ప్రయోగశాలలకు కనబడనిది ఒక వ్యసనపరుడికి కనబడడంలో ఆశ్చర్యం లేదు. దాన్ని కొలిచే పరికరం అతని ఒంట్లోనే ఉంది మరి. ఐబోగైన్ కథలో మంచికీ చెడుకీ మూలం ఇదే. దీన్ని కనిపెట్టింది డాక్టరు కాదు, రోగి. అందుకే దశాబ్దాల పాటు ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడం వల్ల పరీక్షలు జరగలేదు. పరీక్షలు జరగని మందు దొంగచాటుగా తిరిగింది. దొంగచాటుగా తిరిగిన మందు మనుషుల్ని చంపింది కూడా. అక్కడికి వద్దాం. ముందు ఈ అణువు సంగతి.

20 కార్బన్లు, 26 హైడ్రోజన్లు, 2 నైట్రోజన్లు, ఒక ఆక్సిజన్. అణువుకు ఒక కొసన ఇండోల్ అనే జంట వలయం ఉంటుంది. సెరటోనిన్‌లోనూ, ఎల్‌ఎస్‌డీలోనూ, పుట్టగొడుగుల సిలోసిబిన్‌లోనూ ఉండేది అదే. దానికి ఏడు పరమాణువుల వలయం ఒకటి అతికి, ఆ పక్కన నైట్రోజన్‌ను బిగించి పట్టుకున్న పంజరం లాంటి కట్టు ఉంటుంది. ఈ పంజరాన్ని కట్టడం ప్రయోగశాలలో చాలా కష్టం. మొక్క మాత్రం మనం పప్పులోనూ పాలలోనూ తినే ట్రిప్టోఫాన్‌తో మొదలుపెట్టి ఎంజైములతో సునాయాసంగా అల్లేస్తుంది.

అల్లేది ఇబోగా ఒక్కటే కాదు. పెరట్లోకి వెళ్లి నందివర్ధనం ఆకు తుంచండి, తెల్లటి పాలు వస్తాయి. మనం పొద్దున్నే పూజకు పూలు కోసే ఆ చెట్టు ఇబోగాకు దగ్గరి దాయాది. రెండూ గన్నేరు కుటుంబమే. 1960లో అమెరికన్ రసాయనవేత్తలు నందివర్ధనం నుంచి కొరోనారిడిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. దాని అస్థిపంజరం అచ్చంగా ఐబోగైన్‌దే, రెండు చోట్ల తగిలించిన ముక్కలే తేడా. బిళ్ళగన్నేరులో ఉండే కాథరాంథిన్‌దీ ఇదే వంశం. ఆ మొక్కలోనే ఉండే విండోలిన్‌తో అది జతకడితే పుట్టేవే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్‌లో సగం ఇబోగా చుట్టమన్నమాట. ఇది చదివి ఎవరైనా నందివర్ధనం వేరు నమిలేరు జాగ్రత్త. అందులో దొరికేది దర్శనం కాదు. గన్నేరు కుటుంబంలో విషాలకు కొదవలేదు.

ఎల్‌ఎస్‌డీ ప్రధానంగా మెదడులోని ఒక రకం సెరటోనిన్ గ్రాహకం మీద పనిచేస్తుంది. ఐబోగైన్‌కు అలాంటి నియమం లేదు. సెరటోనిన్‌ను వెనక్కి లాక్కునే ప్రొటీన్‌ను అడ్డుకుంటుంది. కెటమిన్ అనే మత్తుమందు పట్టుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని పట్టుకుంటుంది. కాపా అనే ఓపియాయిడ్ గ్రాహకాన్ని కదిలిస్తుంది. నికోటిన్ గ్రాహకాల్లో ఒక రకాన్ని మూసేస్తుంది. ఎలుకల్లో చూస్తే, మెదడు కణాలను సాకే జీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను పెంచుతుందని 2005లో తేలింది. వీటిలో ఏది వ్యసనాన్ని తెంపుతోందన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తోంది.

ఇంకో మెలిక కాలేయంలో ఉంది. అక్కడ ‘సైప్ 2డీ6’ అనే ఎంజైము ఐబోగైన్‌ను నారైబోగైన్‌గా మారుస్తుంది. ఐబోగైన్ కొన్ని గంటల్లో దిగిపోతుంది కానీ నారైబోగైన్ రోజుల తరబడి రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. దర్శనాలు ముగిసి మనిషి మామూలైపోయాక కూడా హెరాయిన్ ఆకలి లేవకపోవడానికి ఇదొక కారణమని మయామీ విశ్వవిద్యాలయంలో డెబొరా మాష్ బృందం ప్రతిపాదించింది. ఆ ఎంజైము కొందరిలో పుట్టుకతోనే సరిగా పనిచేయదు. అలాంటివాళ్లకు అదే మోతాదు రెట్టింపు బరువవుతుంది.

మళ్లీ లాట్సాఫ్ దగ్గరికి. 1960ల చివరికి అమెరికా ఐబోగైన్‌ను ఎల్‌ఎస్‌డీతో కలిపి నిషేధించింది. 1970 చట్టంలో మొదటి షెడ్యూలులో పెట్టింది. అంటే వైద్యానికి పనికిరాదని ముద్ర. లాట్సాఫ్ సినిమా చదువుకున్నాడు, బతుకు ఇంకో దారిన నడిచింది. కానీ ఆ 1962 అతన్ని వదల్లేదు. 1985లో హెరాయిన్ వ్యసనాన్ని ఐబోగైన్‌తో తెంపే పద్ధతికి పేటెంటు సంపాదించాడు. డాక్టరు పట్టా లేదు, ప్రయోగశాల లేదు, పాత నేరచరిత్ర ఉంది. ఔషధ కంపెనీల తలుపులు తట్టాడు. ఒక్కసారి వేసుకుంటే సరిపోయే మందు మీద, అదీ సరుకు కొనే డబ్బు కూడా లేని రోగుల కోసం, కోట్లు పెట్టే కంపెనీ ఏది?

తలుపు తీసింది మళ్లీ రోగులే. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ‘జంకీబాండ్’ అనే సంఘం ఉండేది. హెరాయిన్ వాడేవాళ్లు పెట్టుకున్న యూనియన్. దాన్ని స్థాపించిన నికో అడ్రియాన్స్ తానే ఐబోగైన్ తీసుకుని మానేశాడు, తర్వాత తనవాళ్లకు ఇప్పించడం మొదలుపెట్టాడు. అద్దె గదులు, హోటల్ గదులు. పక్కన కూర్చునేది నిన్నటిదాకా అదే నరకంలో ఉన్న మరో మనిషి. తడిగుడ్డ, బకెట్, ఓపిక. అడిక్ట్ చెయ్యి అడిక్ట్ పట్టుకుని కూర్చున్న ఆ రాత్రులు నాకు ఈ కథలో అన్నిటికంటే గొప్పగా అనిపిస్తాయి. అన్నిటికంటే భయంకరంగానూ అనిపిస్తాయి. ఆ గదుల్లో ఈసీజీ యంత్రం లేదు.

1993లో నెదర్లాండ్స్‌లో చికిత్స పొందుతూ ఒక యువతి చనిపోయింది. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మయామీలో మనుషుల మీద తొలి దశ పరీక్షకు అనుమతిచ్చింది. అదే ఏడాది జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు భారీ మోతాదు ఇచ్చిన ఎలుకల చిన్నమెదడులో కణాలు చచ్చిపోవడం చూశారు. 1995 మార్చిలో అమెరికా జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థ నిపుణులను పిలిచి కూర్చోబెట్టింది. మనుషుల మీద పరీక్షలకు డబ్బు పెట్టకూడదని తేల్చింది. దాంతో దారి మూసుకుపోయింది. మందు మాత్రం ఆగలేదు. చట్టం అడ్డురాని మెక్సికోకు, కరీబియన్ దీవులకు తరలిపోయింది.

ఇప్పుడు గుండె సంగతి. గుండె కండరంలో ప్రతి కణం కొట్టుకున్నాక మళ్లీ సిద్ధం కావడానికి పొటాషియంను బయటికి పంపాలి. దానికో ద్వారం ఉంది, శాస్త్రవేత్తలు ‘హెర్గ్’ అంటారు. ఐబోగైన్, నారైబోగైన్ రెండూ ఆ ద్వారంలో అడ్డం పడతాయి. కణం సిద్ధం కావడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఈసీజీ కాగితం మీద ‘క్యూటీ’ అనే దూరం సాగుతుంది. ఉయ్యాల పూర్తిగా వెనక్కి రాకముందే తోస్తే లయ తప్పినట్టు, ఆ స్థితిలో వేళకాని దెబ్బ ఒక్కటి పడితే గుండె కొట్టుకోవడం మాని గిలగిలలాడుతుంది. రక్తం పంపు కాదు. నిమిషాల్లో మనిషి పోతాడు. విరేచనాలు, వాంతులతో పొటాషియం, మెగ్నీషియం పోగొట్టుకున్నవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. హెరాయిన్ మానుతున్నవాళ్లు ఉండేది సరిగ్గా ఆ స్థితిలోనే.

1990 నుంచి 2008 దాకా ఐబోగైన్ తీసుకున్నాక చనిపోయిన 19 మంది వివరాలను న్యూయార్క్ డాక్టరు కెన్నెత్ ఆల్పర్ బృందం 2012లో ప్రచురించింది. మందు మింగిన గంటన్నరకు పోయినవాళ్లున్నారు, 76 గంటల తర్వాత పోయినవాళ్లూ ఉన్నారు. చాలామందికి ముందునుంచే గుండె జబ్బో, పక్కనే వేరే మత్తుపదార్థమో తోడైంది. ముందుగా ఒక్క ఈసీజీ తీస్తే వీళ్లలో కొందరిని మంచం దాకా రానిచ్చేవారు కాదు.

క్యూటీ ఎంత సాగుతుందో నెదర్లాండ్స్ డాక్టర్లే తర్వాత కొలిచారు. ఓపియాయిడ్ వ్యసనం నుంచి బయటపడాలనుకుంటున్న 14 మందికి ఆస్పత్రిలో, యంత్రాలు తగిలించి, కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున ఇచ్చారు. క్యూటీ సగటున 95 మిల్లీసెకన్లు పెరిగింది. సగం మందిలో 500 దాటింది. 500 దాటితే ఏ హృద్రోగ నిపుణుడైనా కుర్చీలోంచి లేస్తాడు. ఆ 14 మందిలో ఎవరికీ గుండె లయ ప్రాణాంతకంగా తప్పలేదు. వాళ్లున్నది ఆస్పత్రిలో కాబట్టి ఆ మాట నిశ్చింతగా రాయగలుగుతున్నాం.

మన దేశంలో హెరాయిన్ అలవాటుకు ప్రభుత్వ కేంద్రాల్లో బ్యుప్రెనార్ఫిన్ ఇస్తారు. 14446 నంబరుకు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. ఐబోగైన్ లాంటి నాటకీయత అందులో లేదు. రోజూ మాత్ర, క్యూలో నిలబడడం. కానీ దాని వెనక దశాబ్దాల పరీక్షలున్నాయి.

ఇంతకీ ఐబోగైన్‌లోంచి ప్రమాదాన్ని తీసేయలేమా? ఆల్బనీకి చెందిన స్టాన్లీ గ్లిక్, వర్మాంట్‌కు చెందిన మార్టిన్ క్యూన్ 1990ల్లోనే ఆ పని మొదలుపెట్టారు. మన నందివర్ధనం కొరోనారిడిన్‌కు చిన్న మార్పు చేసి 18-ఎంసీ అనే అణువు తయారుచేశారు. ఎలుకలు మార్ఫిన్ కోసం మీట నొక్కడం తగ్గించాయి, చిన్నమెదడు దెబ్బతినలేదు. 2020 డిసెంబరులో కాలిఫోర్నియాలోని డేవిస్ నుంచి డేవిడ్ ఓల్సన్ బృందం ఇంకా ముందుకు వెళ్లింది. పంజరాన్నే తీసేసి టాబర్నాంథలాగ్ అనే సరళమైన అణువు చేసింది. గుండె ద్వారం మీద భారం బాగా తగ్గింది. ఎలుకల్లో భ్రాంతి సూచనలు లేవు, హెరాయిన్ వెతుకులాట తగ్గింది. కల లేకుండా మందు పనిచేస్తుందా అన్నది దీంతో పెద్ద ప్రశ్న అయింది. బ్విటీ పెద్దల్ని అడిగితే కలే మందంటారు. నా మటుకు కల అవసరమనే అనుమానిస్తాను. చచ్చిపోయిన తల్లి ముఖం చూసి ఏడ్చి లేచినవాడి మాటను ఎలుక మీట నొక్కడంతో కొట్టేయలేం. గుండె ఆగిపోయే అవకాశమున్న మనిషికి మాత్రం ఓల్సన్ అణువే ఇస్తాను.

2024 జనవరిలో వాతావరణం మారింది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన నోలన్ విలియమ్స్ బృందం 30 మంది అమెరికన్ మాజీ కమాండోల ఫలితాలు ప్రచురించింది. బాంబు పేలుళ్లలో తలకు దెబ్బలు తగిలినవాళ్లు, కుంగుబాటుతో కొట్టుమిట్టాడుతున్నవాళ్లు. మెక్సికోలో, గుండెకు కాపుగా ముందే మెగ్నీషియం ఎక్కించి ఐబోగైన్ ఇచ్చారు. నెల తర్వాత కుంగుబాటు లక్షణాలు సగటున 87 శాతం, యుద్ధ గాయాల మానసిక లక్షణాలు 88 శాతం తగ్గాయి. గుండెకు ఏ ఆపదా రాలేదు. అయితే పోల్చడానికి వేరే గుంపు లేదు, అందరూ మగవాళ్లే, ఎంతో ఆశతో స్వయంగా వెళ్లినవాళ్లే.

హెరాయిన్ వాడేవాడి మాటను దశాబ్దాల పాటు వినని రాజకీయ నాయకులు పతకాలున్న సైనికుడి మాటను ఏడాదిన్నరలో విన్నారు. 2025 జూన్‌లో టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబట్ ఐబోగైన్ పరీక్షలకు 5 కోట్ల డాలర్లు ఇచ్చే చట్టం మీద సంతకం పెట్టాడు. ప్రధాన లక్ష్యం ఓపియాయిడ్ వ్యసనం. మందు మార్కెట్లోకి వస్తే రాబడిలో రాష్ట్రానికి వాటా ఉండాలని కూడా రాసుకున్నారు. అది చూడకుండానే లాట్సాఫ్ 2010 జనవరి 31న కాలేయ క్యాన్సర్‌తో పోయాడు. అతని 1985 పేటెంటు గడువు అప్పటికే తీరిపోయింది.

గాబన్ 2000లో ఇబోగాను జాతి వారసత్వ సంపదగా ప్రకటించింది. దొంగచాటుగా తవ్వుకుపోవడం పెరిగి అడవిలో పొదలు తరిగిపోతుంటే ఎగుమతుల్ని కొంతకాలం ఆపింది. బయటికి వెళ్లే వేరుకు గ్రామాలకు వాటా దక్కాలని పట్టుబడుతోంది. మందు తయారుచేసేవాళ్లకు ఈలోగా అడ్డదారి దొరికింది. వోకాంగా అనే ఇంకో ఆఫ్రికన్ చెట్టు బెరడులో వోకాంజిన్ పుష్కలంగా ఉంటుంది. దాన్ని ఐబోగైన్‌గా మార్చడం తేలిక. వోకాంగా పశ్చిమాఫ్రికాలో చాలాచోట్ల పెరుగుతుంది. అక్కడ కొంటే బ్విటీ ఊళ్లకు పైసా ఇవ్వక్కర్లేదు.